ఏడో అంతస్తుకు ఒక కాగితం

ఉదయం తొమ్మిదింటికి కుముదిని ఆఫీసుకు వచ్చేసరికి ఏడో అంతస్తు వచ్చి గుమ్మం ముందు నిలబడి ఉంది.

బీచ్ రోడ్డులో ఆవిడ గీసి కట్టించిన పన్నెండంతస్తుల భవనంలోంచి దిగి, పెదవాల్తేరు దాకా నడిచి వచ్చింది. దాని పొడవు నూట పది అడుగులు, వెడల్పు అరవై. ఆఫీసున్న వీధి ముప్ఫై అడుగులు మించదు. అయినా ఎవరికీ అడ్డం లేకుండా సర్దుకుంది. ఆటోలు దాని వరండాలోంచి లోపలికి వెళ్ళి, హాలు దాటి, వంటగది పక్కనుంచి బయటికి వస్తున్నాయి. ట్రాఫిక్ కానిస్టేబులు హాలు మధ్యలో నిలబడి, గోడలకు కొత్త రంగు, రాసుకుపోవద్దని ఆటోవాళ్ళను హెచ్చరిస్తున్నాడు. లోపల ఇంకా ఎవరూ కాపురం చేరలేదు.

ఎంతసేపయింది వచ్చి అని కుముదిని అడుగుతుంది. ఇప్పుడే, ఓ పావుగంట అని అంతస్తు జవాబిస్తుంది. దాని మాట తాపీమేస్త్రుల మాట. పోసిందీ, పూసిందీ, పూటపూటా నీళ్ళు పట్టిందీ వాళ్ళే గనక భాష కూడా వాళ్ళదే అబ్బింది. కాఫీ తెప్పించనా అంటే వద్దంటుంది. వచ్చిన పని ఒక్కటే.

"అమ్మా, నా కాయితమేదీ?"

భవనాలు గీసేవాళ్ళకు ఒక అలవాటు ఉంది. నేల అంతస్తుకు ఒక కాగితం గీస్తారు, మొదటిదానికీ రెండోదానికీ చెరొకటి గీస్తారు, చిట్టచివరి వాటికీ పైకప్పుకూ ఒక్కొక్కటి. నడుమ ఉన్నవన్నీ ఒకే తీరు గనక ఒక్కటి గీసి, దాని కింద 'మూడు నుంచి పది వరకు ఇదే' అని రాసి చేతులు దులుపుకుంటారు. దుబాయిలో నూట యాభై అంతస్తులు కట్టినా అంతే, గాజువాకలో ఐదు కట్టినా అంతే. దీన్ని తప్పని ఏ కాలేజీలోనూ చెప్పరు. కుముదిని ఇరవై రెండేళ్ళుగా అలాగే రాస్తోంది.

పైగా ఈ భవనానికి పేరొచ్చిందే అందుకు. మూడు నుంచి పది వరకు ప్రతి అంతస్తూ తన కిందిదానికంటే నాలుగు డిగ్రీలు సముద్రంవైపు తిరిగి ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఎవరో పిలిస్తే భవనం మొత్తం వెనక్కి తిరిగి చూస్తున్నట్టు ఉంటుంది. మూడు దేశాల పత్రికలు దాన్ని అట్ట మీద వేశాయి. లోగుట్టు ఏమిటంటే, అదంతా ఒకే కాగితాన్ని ఎనిమిదిసార్లు తిప్పడం.

"మూడు నుంచి పది దాకా ఒకటే గీసీసినారు. అందల నానెక్కడున్నానో ఏలెట్టి సూపించండి," అంటుంది అంతస్తు.

కుముదిని కాగితం తీసి పరుస్తుంది. వేలు ఎక్కడ పెట్టాలో ఆవిడకు తెలియదు. అంతస్తు తొందరపెట్టదు. చూపించేదాకా ఇక్కడే ఉంటానని మాత్రం చెబుతుంది.

ఆవిడ లెక్కలు చూసే ఇంజనీరుకు ఫోన్ చేస్తుంది. ఆయన అప్పటికే భవనం దగ్గరున్నాడు. ఆరో అంతస్తు పైన పదకొండడుగుల గాలి ఉందనీ, ఆ గాలి మీద ఎనిమిది నుంచి పన్నెండు దాకా నిమ్మళంగా నిలబడి ఉన్నాయనీ చెబుతాడు. ఎందుకు పడలేదని కుముదిని అడుగుతుంది. అలవాటు కొద్దీ నిలబడ్డాయని ఆయన జవాబు. కాంక్రీటు గట్టిపడటానికి ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది, అలవాటు మానడానికి ఏడున్నర గంటలు పడుతుంది. ఏడోది మెట్లు దిగింది ఎనిమిదిన్నరకు గనక, సాయంత్రం నాలుగింటి దాకా గడువు. నాలుగు దాటితే తాము దేని మీదా లేమన్న సంగతి పై అంతస్తులకు తెలుస్తుంది. ఈలోపు జనాన్ని దించబోయినా తెలిసిపోతుంది.

"తెలిస్తే?" అంటుంది కుముదిని.

తెలిశాక ఎవరైనా ఏం చేస్తారు మేడమ్, పడతారు అని ఆయన ఫోన్ పెట్టేస్తాడు.

ఎనిమిదో అంతస్తులో కుముదిని పెద్దక్క సరోజిని ఉంటోంది. పోయిన గురువారమే పాలు పొంగించి చేరింది. నీ బిల్డింగులో కాకపోతే ఇంకెక్కడ కొనుక్కుంటానని, ఊరందరికీ చెప్పి మరీ కొనుక్కుంది. ఈ సమయానికి ఆవిడ పెసరట్లు పోస్తూ ఉంటుంది. ఆవిడ పైన ఇంకో నాలుగు అంతస్తుల నిండా జనం ఉన్నారు.

ఫోన్ మోగుతుంది. అక్కే.

"ఏమే నళినీ... కాదు, అరవిందా... అబ్బ, కుముదినీ. పాదాలు చల్లగా ఉంటున్నాయేమిటే? కింద ఫ్లాటులో ఎవరైనా దిగి ఏసీ వేశారా?"

కాళ్ళకు చెప్పులు వేసుకోమనీ, కిటికీలోంచి కిందికి చూడొద్దనీ, సాయంత్రానికల్లా సరిచేయిస్తాననీ కుముదిని చెబుతుంది. సరోజిని సరేనంటుంది. చెల్లెలు కట్టిన ఇంట్లో ఉన్నప్పుడు ఇంకెవరి మాట వింటుంది?

వాళ్ళు ఐదుగురు అక్కచెల్లెళ్ళు. సరోజిని, నళిని, కుముదిని, అరవింద, రాజీవి. నాన్నగారు నిఘంటువులో తామరలూ కలువలూ ఉన్న పేజీ తెరిచి, వరసగా పేర్లు పెట్టుకుంటూ పోయారు. బట్టలూ అంతే. ఏటా ఒక తాను గుడ్డ కొని ఐదుగురికీ గౌన్లు కుట్టించేవారు. వీళ్ళు బడికి బయలుదేరితే కర్టెను నడిచి వెళ్తోందని వీధివాళ్ళు నవ్వేవారు. నడిమిది కుముదిని. ఆవిడను ఎవరూ మొదటిసారికే సరైన పేరుతో పిలిచింది లేదు. అమ్మ కూడా ఒకటి రెండు పేర్లు దాటుకునే ఆవిడ దాకా వచ్చేది. అలాంటి మనిషి ఇరవై రెండేళ్ళుగా కాగితాల మీద రాస్తున్నది 'మూడు నుంచి పది వరకు ఇదే' అని. కుముదినికి సిగ్గేస్తుంది. అయినా ముందు పని కానియ్యాలనుకుంటుంది.

పని అంటే ఆవిడకు తట్టింది ఒక్కటే. కంప్యూటరు తెరిచి, పాత పటాన్నే మళ్ళీ తీసి, 'మూడు నుంచి పది వరకు' అన్నది చెరిపేసి 'ఏడు' అని కొట్టి, పెద్ద కాగితం మీద అచ్చు తీస్తుంది. పటానికి నాలుగుపక్కలా ముచ్చటైన అంచు కూడా పెడుతుంది. తీసుకెళ్ళి అంతస్తుకు చూపిస్తుంది.

అంతస్తు దాన్ని హాలులో పరుచుకుని చదువుతుంది. చదివి, మడిచి, ఆవిడ చేతికి తిరిగిచ్చేస్తుంది. లేచి, సముద్రంవైపు ఓ వంద అడుగులు నడిచి మళ్ళీ ఆగుతుంది. దానితోపాటు నాలుగు ఆటోలు, కానిస్టేబులు కూడా జరుగుతారు. కోప్పడినా బాగుండేదని కుముదినికి అనిపిస్తుంది.

అప్పుడే సింగపూర్ నుంచి మెయ్ లిన్ ఫోన్ చేస్తుంది. ఆవిడా భవనాలు గీస్తుంది. ఏ సభలో కలిసినా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఆవిడ గీసిన చెట్ల భవనంలోంచి ముప్ఫై ఒకటో అంతస్తు, అందులోని నలభై చెట్లతో సహా, తెల్లవారగానే ఆఫీసు క్యాంటీనుకు వచ్చి కూర్చుందట. మెయ్ లిన్ కూడా అంకె మార్చి అచ్చు తీసిందట. అది చూసి ఆ అంతస్తు విమానాశ్రయానికి వెళ్ళిపోయింది. ఎక్కడికి టికెట్ కొనుక్కుందో ఎవరికీ తెలియదు. హాలండులో యంత్రంతో ముద్రించిన ఐదు సిమెంటు ఇళ్ళలో ఒకటి వెళ్ళి వేరే ఊరి బడిలో చేరిందని కూడా చెబుతుంది. నువ్వు మాత్రం అంకె మార్చకు అంటుంది మెయ్ లిన్. అప్పటికే మార్చానని కుముదిని చెప్పదు.

పదకొండు దాటింది. కుముదిని బోనంగి అప్పలనరసయ్యకు కబురు పెడుతుంది. ఆయన ఆ భవనానికి పెద్దమేస్త్రి. పునాది నుంచి పిట్టగోడ దాకా ఆయన చెయ్యి పడని చోటు లేదు. ఆయన టేపూ, చాక్‌పీసూ పట్టుకుని ఆటో దిగి, చెప్పులు బయట విడిచి లోపలికి వస్తాడు. అంతస్తు గోడ మీద అరచెయ్యి ఆనించి, ఏటే, నడిసొచ్చీసినావా అని పలకరిస్తాడు. గోడ ఆయన చేతికింద కొంచెం వెచ్చబడుతుంది.

సంగతి విని, ఎక్కడికక్కడ కొలిచి రాయడమే దారి అంటాడు మేస్త్రి. కట్టినదాన్ని కొలిచి గీయడం కుముదిని కాలేజీ విడిచాక ఎప్పుడూ చెయ్యలేదు. టేపు ఒక కొస ఆయన పట్టుకుంటాడు, రెండో కొస ఆవిడ పట్టుకుంటుంది.

మొదటి పడకగది. ఈ గది పన్నెండడుగులని ఆవిడకు కంఠతా వచ్చు. టేపు చూడకుండానే పన్నెండని రాస్తుంది. గది సాగడం మొదలవుతుంది. ఎదటి గోడ మర్యాదగా వెనక్కి వెనక్కి జరుగుతుంది. మేస్త్రి టేపు కొస వదలకుండా గోడ వెంట వెళ్తాడు. చూస్తూ ఉండగానే చిన్నవాడై, చుక్కై, కనబడకుండా పోతాడు. కాసేపటికి ఆయన ఫోన్ చేసి, గోడ ఇప్పుడు భీమిలి దాటుతోందనీ, ఇక్కడ గాలి బాగుందనీ, తొందరగా ఏదో ఒకటి చెయ్యమనీ అంటాడు. కుముదిని రాసింది కొట్టేసి, కళ్ళజోడు సర్దుకుని టేపు మీది అంకె చదువుతుంది. పదకొండడుగుల పదకొండంగుళాల రెండు నూళ్ళు. మేస్త్రీల లెక్కలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అది రాయగానే గోడ వచ్చి తన చోట నిలబడుతుంది, మేస్త్రి చెమట తుడుచుకుంటాడు.

అక్కడినుంచి ఆవిడ దేన్నీ జ్ఞాపకంతో రాయదు. ప్రతి గుమ్మాన్నీ, ప్రతి కిటికీనీ మోకాళ్ళ మీద కూర్చుని కొలుస్తుంది. మూడో గదిలో తలుపు కుడికి ఒక నూలు జరిగి ఉంది. వంటగది గట్టు ఒక చివర కాస్త ఎత్తు, ఎందుకంటే ఆ రోజు పని చేసినవాడు ఎడమచేతివాటం మనిషి. పటంలో ఇవేవీ లేవు. ఎనిమిది అంతస్తులూ ఒకటేనని ప్రపంచమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చిన మనిషికి, ఒక్క అంతస్తులో రెండు కిటికీలు ఒకలా లేవని ఇవాళ తెలుస్తోంది. చిత్రంగా ఆవిడకు కోపం రాదు. ఒక్కొక్క తేడా రాస్తుంటే ఊపిరి కొంచెం తేలికవుతోంది.

రెండింటికి సరోజిని మళ్ళీ ఫోన్ చేస్తుంది.

"చేతిలోంచి గరిటె జారిపోయిందే. అరగంటయింది. పడిన చప్పుడు ఇంకా రాలేదు."

"వస్తుందక్కా. కాస్త ఆగు," అంటుంది కుముదిని. ఫోన్ పెట్టేసి, తర్వాతి కిటికీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంటుంది.

చివరికి హాలులో ఈశాన్యం మూల మిగిలింది. మేస్త్రి అక్కడ టేపు పెట్టడు. గొంతుక్కూర్చుని, నేల మీద చేత్తో నిమురుతాడు. రెండు నూళ్ళు పల్లం ఉందిక్కడ అంటాడు. ఎందుకని కుముదిని అడుగుతుంది. అన్ని స్లాబులూ ఒకటి కావంటాడాయన. ఐదోదాని నాడు కాంక్రీటు కలిపే మిల్లరు చెడింది. ఆరోదాని నాడు పలావు పెట్టించారు. ఒక్కో స్లాబు వేసిన రోజు ఆయనకూ, తట్టలు మోసిన ఆడవాళ్ళకూ పిల్లల పుట్టినరోజుల్లా గుర్తే.

"ఈ స్లాబు ఏసిన్నాడు మీరు ఊళ్ళో లేరు. పోత సగంల ఉండగా వాన పట్టీసుకుంది. ఆడోళ్ళు ఇరవైమంది టార్పాలిను ఎత్తి పట్టుకున్నారమ్మా, మూడు గంటలు. ఈ మూల సూరమ్మ నిలుసుంది. నిండు నెలల మనిసి. కాళ్ళకింద సెక్క పచ్చి కాంక్రీటుల దిగబడిపోతన్నా కదల్లేదు. ఆ పల్లమే ఇది. సరిసెయ్యడానికి నాకు సెయ్యాడలేదు."

ఆ రోజు తానెక్కడుందో కుముదినికి గుర్తుంది. ఇదే భవనం పటానికి బహుమతి అందుకోవడానికి వేరే దేశంలో వేదిక మీద నిలబడి ఉంది. వెనక తెర మీద ఆ ఒక్క కాగితమే తిరుగుతోంది, ఎనిమిదిసార్లు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ వేళకి ఇక్కడ వాన పడుతోంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. తర్వాత ఏమైందని అడుగుతుంది. మర్నాడు ఆడపిల్ల పుట్టిందనీ, ఇద్దరూ బాగున్నారనీ, ఆ పిల్లకిప్పుడు మూడో ఏడనీ మేస్త్రి చెబుతాడు.

కుముదిని హాలు నేల మీదే పెద్ద కాగితం పరిచి, పెన్సిలుతో గీయడం మొదలుపెడుతుంది. ఆటోలు ఆవిడను తప్పించుకుంటూ పోతుంటాయి. కానిస్టేబులు ఆవిడ చుట్టూ నాలుగు ఇటుకలు పెడతాడు. ఆవిడ మూడో గది తలుపును ఒక నూలు కుడికి జరుపుతుంది. గట్టుకు ఒక చివర ఎత్తు పెడుతుంది. ఈశాన్యం మూలకు వచ్చాక చిన్న గుండ్రం చుట్టి, పటాల్లో కొలతలు రాసే పద్ధతిలోనే, చిన్న అక్షరాలతో రాస్తుంది: 'రెండు నూళ్ళ పల్లం. సూరమ్మ నిలబడిన చోటు. సరిచేయరాదు.' అడుగున 'ఏడో అంతస్తు' అని రాసి సంతకం పెడుతుంది. మూడూ ఇరవై అవుతోంది.

అంతస్తు కాగితం తీసుకుంటుంది. ఒక్కొక్క గదిలోకీ వెళ్ళి, కాగితంలో ఆ గదిని చూసుకుని, మళ్ళీ ఇంకో గదిలోకి వెళ్తుంది. ఒక అంతస్తు తనలో తాను తిరగడం కుముదిని ఇంతకుముందు చూడలేదు. ఈశాన్యం మూల దగ్గర అది చాలాసేపు ఆగుతుంది. తలుపులన్నీ ఒక్కసారి మెల్లగా మూసుకుని తెరుచుకుంటాయి.

"ఇది నానే," అంటుంది.

అంతే, వీధిలోంచి లేస్తుంది. ఆటోలను దింపేసి, కానిస్టేబుల్ని జాగ్రత్తగా ఫుట్‌పాత్ మీద పెట్టి, కుముదినినీ మేస్త్రినీ లోపల ఉంచుకునే నడుస్తుంది. నడక తొందరగా ఉంది గానీ కుదుపు లేదు. బీచ్ రోడ్డులో భవనం దగ్గర లిఫ్టులో పట్టదు గనక మెట్లెక్కుతుంది. ఆరు అంతస్తుల మెట్లెక్కేసరికి ఆయాసపడుతుంది. పైన ఎనిమిదో అంతస్తు, గది ఊడ్చేటప్పుడు కూర్చున్నవాళ్ళు కాళ్ళు పైకి ఎత్తి పెట్టుకున్నట్టు, కొంచెం లేచి చోటిస్తుంది. ఏడోది లోపలికి జరిగి, తనకు చెందిన నాలుగు డిగ్రీలు తిరిగి, కుదురుకుంటుంది. పై ఐదు అంతస్తుల బరువు వచ్చి దాని మీద నెమ్మదిగా కూర్చుంటుంది. ఇంజనీరు కిందినుంచి చెయ్యి ఊపుతాడు. నాలుగింటికి ఇంకా మూడు నిమిషాలున్నాయి.

పైకప్పులోంచి గరిటె పడిన చప్పుడు ఖంగుమని వినిపిస్తుంది.

వెంటనే ఫోన్. "నళినీ, వచ్చిందే చప్పుడు," అంటుంది సరోజిని. పాదాలు కూడా వెచ్చబడ్డాయట. పెసరట్లు మిగిలాయి, వచ్చి తినమంటుంది. తాను నళిని కాదని కుముదిని దిద్దదు. పని కాగానే వస్తానక్కా అంటుంది. పొద్దుటి నుంచి గుండె మీద ఉన్న రాయిని ఎవరో తీసి పక్కన పెట్టినంత హాయిగా ఉంది. నవ్వొస్తోంది కూడా. ఆగకుండా నవ్వుతుంది.

మేస్త్రి మాత్రం ఇంకా నవ్వడు. కిందికి దిగి తిరిగొచ్చిన అంతస్తు కదా, మట్టం చూడకుండా తాను ఇంటికి పోనంటాడు. మట్టం చూడటానికి వాళ్ళు నీళ్ళు నింపిన గొట్టం వాడతారు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలిస్తే పని సరిగ్గా ఉన్నట్టు. ఇంత పొడుగు అంతస్తుకు సరిపడే గొట్టం ఇప్పుడు ఎక్కడ తెస్తాం? ఆయన తూర్పు కిటికీ తెరిచి, చెయ్యి ఊపి సముద్రాన్ని పిలుస్తాడు.

సముద్రం అలలు కిందే వదిలిపెట్టి వస్తుంది. ఏడో అంతస్తు ఎత్తుకు లేచి, కిటికీలోంచి లోపలికి వచ్చి, నేల మీద జానెడు లోతున పరుచుకుని, పడమటి బాల్కనీలోంచి ఊరి మీదికి సాగుతుంది. దానికింద ఊరు పొడిగానే ఉంది. సిటీ బస్సులు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి, మేడల మీద ఆరేసిన బట్టలకు తడి తగల్లేదు. హాలులో వెండిరంగు చేపలు గుంపుగా ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మంలోకి పోతున్నాయి. అప్పలనరసయ్య పంచె ఎగ్గట్టి, నాలుగు మూలలా గోడ మీద చాక్‌పీసుతో గీతలు పెట్టి, వంగి వంగి చూస్తాడు.

"సూరమ్మ పల్లం తప్ప ఒక్క నూలు తేడా లేదమ్మా," అంటాడు. అప్పుడు నవ్వుతాడు.

రేవు బయట వంతు కోసం లంగరు వేసుకున్న ఓడల్లో ఒకటి, ఎర్రగా, ఇనుప ఖనిజం నింపుకున్నది, కిటికీ తెరిచి ఉండటం చూసి ఇటువైపు వస్తుంది. బాల్కనీ పక్కకు వచ్చి ఆగుతుంది. ఓడ నడిపే సరంగు తాడు విసురుతాడు. కుముదిని దాన్ని మూల స్తంభానికి రెండు చుట్లు చుట్టి కడుతుంది. తాడు బిగుసుకుంటుంది. ఓడ బరువంతా వచ్చి స్తంభం మీద ఆగుతుంది. స్తంభం కదలదు, గోడ బీటలివ్వదు, నీళ్ళ మీద చిన్న వణుకైనా పుట్టదు. కుముదిని అది చూసి, తాను కట్టిన గోడకు వీపు ఆనిస్తుంది. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ ఆనించలేదు, ఎందుకో భయంగా ఉండేది. గోడ ఆనుకోవడానికి బాగుంది.

సరంగు లంగరు పైకి లాగుతాడు. లంగరుకు చుట్టుకుని ఆకాశమూ సముద్రమూ కలిసే గీత వస్తుంది, సన్నగా, నల్లగా, నీళ్ళోడుతూ. ఆయన దాన్ని చిక్కు తీసి, ఎంతో పొడుగున్నదాన్ని మూరలు మూరలుగా లాగి, వీళ్ళను అడిగి, బాల్కనీ కడ్డీ మీద మడతలు మడతలుగా ఆరేస్తాడు. దూరాన ఇప్పుడు గీత లేదు. అయినా నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఆకాశం ఎక్కడిదక్కడే ఉంది, ఏదీ దేనిమీదా పడటం లేదు. గీత గాలికి ఊగుతూ చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆరేదాకా చూస్తుండమని సరంగు అంటాడు. కుముదిని గోడకు ఆనుకునే సరేనంటుంది.